భూలక్ష్మి పండుకోలేదు

మధుసూదన్‌కు ముప్పై తొమ్మిదేళ్ళు నిండాయి గానీ, "నాకు తెలీదు" అన్న మాట అతని నోట విన్నవాళ్ళు లేరు. ప్రొద్దుటూరులో ఏడో తరగతి చదివేటప్పుడు లెక్కల మాస్టారు ప్రశ్న అడిగితే, జవాబు రాకపోయినా లేచి సుద్దముక్క అందుకుని బోర్డు దాకా నడిచేవాడు. నడిచే ఆ పది అడుగుల్లో ఏదో ఒకటి తోచేది. తోచనినాడు అదృష్టం బాగుండి గంట కొట్టేవారు. "మా వోనికి రానిదంటూ లేదు" అని తండ్రి సుబ్బరాయుడు బట్టల కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. కొడుకు ఆ మాటను కాపాడుకోవడానికే పెరిగి పెద్దవాడయ్యాడని అనాలి.

అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసి, హైటెక్ సిటీలో చేరి, పద్నాలుగేళ్ళలో మూడు కంపెనీలు మారి, మణికొండలో నాలుగో అంతస్తు ఫ్లాట్ కొనుక్కునేసరికి ఆ నడకకు ఒక మాట దొరికింది. "చూస్తాను." అది వచ్చే పనైనా చూస్తాను, రాని పనైనా చూస్తాను. పాపం, చాలాసార్లు నిజంగానే చూసేవాడు. పనిమంతుడే, అబద్ధమాడకూడదు.

అతను చేసేదేమిటో అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ పట్టదు. సాఫ్ట్‌వేర్ అంటే సరిపోతుంది. ఒకసారి కూతురు వర్షిత పట్టుబట్టి అడిగితే ఇలా చెప్పాడు.

"ఏ మిషన్‌లోనైనా మెదడు లాంటిది ప్రాసెసర్ ఉంటాది కదా. దానికి పని లేని క్షణం దొరికితే కునుకు తీస్తాది. సెకనుకు వందసార్లు దొరికితే వందసార్లూ తీస్తాది. దాన్నే ఐడిల్ అంటారు. అది గట్టిగా నిద్రపోయినప్పుడు చుట్టూ ఉండే కెమెరా, స్కానర్, వీటికి కూడా కరెంటు ఆపేయల్లా. లేసినప్పుడు మళ్ళీ ఇయ్యల్లా. ఆ చూసుకునే పని నాది."

"అంటే అన్నింటినీ పడుకోబెట్టే పనా నాన్నా?"

"అదే అనుకో."

మర్నాడు స్కూల్లో ఆ పిల్ల, మా నాన్న మిషన్లను పడుకోబెడతాడని చెప్పి వచ్చింది. ఇంట్లో వారం రోజులు నవ్వుకున్నారు. అతని టీములో మాత్రం ఐడిల్ అంటే మంచి మాట. మిషన్ ఎంత ఐడిల్‌గా ఉంటే బ్యాటరీ అంతసేపు వస్తుంది.

పోయిన ఏడాది ఆ కంపెనీ చేతిలో పట్టేంత స్కానర్ ఒకటి తయారుచేసింది. పెద్ద పెద్ద ఆఫీసు భవనాల్లో హౌస్‌కీపింగ్ వాళ్ళ కోసం. ప్రతి బాత్రూం దగ్గరా, ప్యాంట్రీ దగ్గరా, లిఫ్ట్ దగ్గరా గోడకు ఒక బిళ్ళ అంటిస్తారు. ఊడ్చి తుడిచాక ఆ బిళ్ళకు మిషన్ తాకిస్తే, ఫలానా చోట ఫలానా వేళకు పని అయిందని సూపర్‌వైజర్ తెర మీద కనిపిస్తుంది. స్కానర్‌ను నిద్రపుచ్చి లేపే భాగం మధుసూదన్‌కు వచ్చింది.

ఆ లెక్క వినడానికి తేలికే. స్కానర్‌కు పని ఉన్నప్పుడు "నాకు కరెంటు కావాలి" అని చేయి ఎత్తాలి. పని అయ్యాక దించాలి. ప్రాసెసర్ ఐడిల్‌లోకి వెళ్ళేముందు కెర్నెల్, అంటే మిషన్ లోపలి పెద్ద మేస్త్రి, ఎత్తిన చేతులు ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. ఒక్కటీ లేకపోతే కరెంటు ఆపేస్తుంది. ఆపగానే స్కానర్ తన సెట్టింగులన్నీ మర్చిపోతుంది. కాబట్టి ఆపేముందు వాటిని రాసిపెట్టుకోవాలి, లేచాక తిరిగి నింపాలి. మధుసూదన్ రాసిన దాంట్లో ఆ తిరిగి నింపడం దగ్గరే ఏదో తేడా వచ్చింది. నిద్రలేచిన ప్రతిసారీ మొదటి బిళ్ళను స్కానర్ చదివేది కాదు.

డెమోకు రెండు రోజులుంది. మేనేజర్ భార్గవి వచ్చి, "అయిపోతుందా మధూ?" అంది.

"చూస్తాను" అన్నాడు.

చూశాడు, దొరకలేదు. దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సాయంత్రం ఒకే ఒక్క వరుస రాశాడు. మిషన్ ఆన్ కాగానే స్కానర్ చేయి ఎత్తుతుంది. ఇక దించదు. చేయి దించదు కాబట్టి కరెంటు ఆగదు, ఆగదు కాబట్టి మర్చిపోదు. ప్రతి బిళ్ళా టకటకా చదివింది. ఆ వరుస పైన "తాత్కాలికం, డెమో తర్వాత తీసేయాలి" అని తనకు తానే గుర్తు రాసుకున్నాడు. మార్పుల చిట్టాలో మాత్రం "స్కానింగ్ మీద నమ్మకం పెంచాను" అని రాశాడు. డెమో బ్రహ్మాండంగా జరిగింది. అందరి ముందూ అతని పేరు చదివి చిన్న గాజు పలక ఒకటి ఇచ్చారు. దాన్ని బల్ల మీద పెట్టుకున్నాడు. ఆ వరుసను తీసేయడం, చెప్పక్కర్లేదు, మర్చిపోయాడు. మర్చిపోయాడా, మర్చిపోవాలనుకున్నాడా అనేది అతన్నే అడగాలి.

మొదటి మూడు మిషన్లను తమ భవనంలోనే వాడి చూద్దామన్నారు. అందులో ఒకటి ఏడో అంతస్తు భూలక్ష్మికి ఇచ్చారు.

భూలక్ష్మికి యాభై రెండేళ్ళు. ఉండేది బోరబండ. తెల్లారి రైలెక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి, ఇరవై నిమిషాలు నడిచి, ఏడు కాకముందే సెల్లార్‌లో హాజరు లైన్లో నిలబడేది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి ఆలస్యంగా రాలేదు. ఆ సంగతి ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేది. ఏడో అంతస్తును తన ఇల్లులా చూసుకునేది. టీ కప్పు సింకులో వదిలేసినవాళ్ళను, ఎంత పెద్ద ఉద్యోగస్తుడైనా సరే, "ఏం సారు, ఇంట్ల గూడ గిట్లనే పెడ్తరా?" అని అడిగేసేది. ఎవరికీ కోపం వచ్చేది కాదు. కొత్త మిషన్‌కు పాత చీర గుడ్డతో సంచి కుట్టి మెడలో వేసుకుంది.

ఆ మిషన్ మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆరిపోవడం మొదలుపెట్టింది. మిగతా ఇద్దరూ సగం షిఫ్టు వాళ్ళు, పన్నెండింటికే మిషన్లు అప్పజెప్పి వెళ్ళేవారు. నాలుగు దాకా ఉండేది భూలక్ష్మి ఒక్కతే. ఒంటిగంట నుంచి నాలుగు వరకు ఏ బిళ్ళా తాకనట్టు సూపర్‌వైజర్ ఓంకార్ తెర మీద ఆమె పేరు పక్కన ఎర్ర అక్షరాలు వచ్చేవి. ఆ తెర తయారుచేసినవాళ్ళు, పని చేయని మనిషికి ఏ మాట పెట్టాలో ఆలోచించి, తమకు బాగా అలవాటైన మాటే పెట్టారు. ఐడిల్.

ఓంకార్ చెడ్డవాడు కాడు. సిద్దిపేట నుంచి వచ్చిన కాంట్రాక్టు ఉద్యోగి, పైవాళ్ళు ఏది అడిగితే దానికి జవాబు చెప్పుకోవాలి. ఐడిల్ అన్న మాటకు అతనికి తెలిసిన అర్థం ఒకటే.

"అక్కా, మూడు గంటలు ఐడిల్ అంట. ఐడిల్ అంటే ఏందో ఎర్కేనా? పండుకున్నట్టు."

"నేనెందుకు పండుకుంట? నిలబడ్డ కాళ్ళ మీదనే ఉన్న. మిషినే బంద్ అయితుంది."

"మిగిలినోళ్ళయి ఎందుకు బంద్ అయితలేవు మరి?"

ఆమె దగ్గర దానికి జవాబు లేదు. జవాబు ఉన్న మనిషి ఏడో అంతస్తులోనే కూర్చుంటాడని మాత్రం ఆమెకు తెలుసు. మర్నాడు ప్యాంట్రీలో కాఫీ పట్టుకుంటున్న మధుసూదన్ దగ్గరికి వచ్చి, మెడలోంచి సంచి తీసింది.

"సార్, జర చూడుర్రి. ఈ మిషిన్ మీరే చేసిన్రంట గద. రాత్రంత చార్జింగ్ పెడ్తున్న. పొద్దుగాల నిండుగుంటది. ఒంటిగంట కాంగనే ఒడిసిపోతుంది. వాళ్ళేమో నేను పండుకుంటున్న అంటున్నరు. లోపల ఏమన్న ఉందా సార్?"

ఏడు నుంచి ఒంటిగంట, ఆరు గంటలు. స్కానర్‌కు కరెంటు ఆపకుండా ఉంటే బ్యాటరీ వచ్చేది సరిగ్గా ఆరు గంటలే. ఆ లెక్క మధుసూదన్ తలలో కాఫీ కప్పు నిండేలోపే పూర్తయింది. ఎత్తి దించని చేయి కళ్ళ ముందు కనిపించింది. అప్పుడైనా "చూస్తాను" అని ఉంటే బాగుండేది. ఈసారి అదీ అనలేదు.

"మిషన్‌లో ఏమీ లేదమ్మా. ప్లగ్ లూజుగా ఉంటుందేమో. ఛార్జింగ్ సరిగ్గా పెట్టి చూడండి."

"అంతేనంటరా సార్?" అంది. తర్వాత తప్పు తనదే అయినట్టు తలూపి, మిషన్‌ను మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "మంచిది సార్. ఇగ జర చూసి పెడ్త."

ఆ వారం మీటింగు జరిగింది. భార్గవి, ఓంకార్, కాంట్రాక్టు కంపెనీ మనిషి ఒకాయన. మధుసూదన్ గ్రాఫ్ చూపించాడు. మూడు మిషన్లలో రెండింటికి ఏ ఇబ్బందీ లేదు, ఒక్కదానికే ఉంది, కాబట్టి వాడే విధానంలో తేడా ఉండి ఉంటుంది అన్నాడు. ఆ రెండూ సగం షిఫ్టువని అతనికి తెలుసు. గ్రాఫ్‌లో ఆ సంగతి లేదు. అడిగినవాళ్ళూ లేరు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని, మీటింగు అయ్యేదాకా నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

రెండు రోజుల తర్వాత సెల్లార్‌లో బండి పెట్టి లిఫ్ట్ వైపు వస్తుంటే, హాజరు లైను దగ్గర నోటీసు బోర్డు మీద ఒక కాగితం కనిపించింది. గుండ్రటి అక్షరాలు. పెన్ను గట్టిగా అదిమి రాసినట్టున్నాయి.

"డ్యూటీలో పండుకున్నది నిజమే. ఇక నుంచి పండుకోనని రాసి ఇస్తున్నాను. బి. భూలక్ష్మి."

మధుసూదన్ దాన్ని రెండుసార్లు చదివాడు. చెవులు వేడెక్కాయి. చుట్టూ చూశాడు, తనను ఎవరైనా చూస్తున్నారేమోనని. అలా చూసినందుకు ఇంకా సిగ్గేసింది. లోపల గది దగ్గర ఎవరో అమ్మాయి "ఓ ఐడిలక్కా, బకెట్ ఇటియ్యి" అని పిలుస్తోంది. బకెట్ పట్టుకుని వచ్చింది భూలక్ష్మే. ఏడో అంతస్తు నుంచి తీసేసి ఆమెను, అదే మిషన్ మెడలో వేసి, సెల్లార్ పార్కింగ్ ఊడ్వమన్నారు.

"నమస్తె సార్" అంది. "కాయితం రాస్తెనే నౌకరి అన్నరు. రాసిచ్చిన. ఏం జేస్త." గొంతు తగ్గించి, "మీరు చెప్పినట్టే చేస్తున్న సార్. అర్ధగంట ముందుగాల్నే వచ్చి ప్లగ్గు చేత్తోని పట్టుకొని కూసుంటున్న. అయినా గట్లనే ఒడుస్తుంది. నా చేతులనే ఏదో ఉన్నట్టుంది" అంది.

మధుసూదన్ ఏదో గొణిగి లిఫ్ట్ ఎక్కాడు. పైకి వెళ్ళి గాజు పలకను సొరుగులో పడేశాడు. ఏం లాభం, సొరుగు తెరిచినప్పుడల్లా కనిపించేది. ఆ రోజు నుంచి బండి సెల్లార్‌లో పెట్టడం మానేసి వీధి అవతల పెట్టుకుని నడిచి వచ్చేవాడు. తన తప్పుకు తొమ్మిదేళ్ళ మంచిపేరున్న ఆడమనిషి సంతకం పెట్టిందన్న మాట అన్నం ముద్ద దగ్గర కూడా వదిలేది కాదు.

అప్పుడు కూర్చున్నాడు, నిజంగా చూడ్డానికి. మూడు రోజులు. మూడో రోజు మధ్యాహ్నం దొరికింది. స్కానర్ లేచాక దానికి క్లాక్, అంటే మిషన్ లోపలి గుండె చప్పుడు లాంటిది, అందాలి, ఆ తర్వాతే సెట్టింగులు రాయాలి. అతను క్లాక్ అందకముందే రాస్తున్నాడు, రాసిందంతా గాలికి పోతోంది. రెండు వరుసలు అటూ ఇటూ మార్చాడు. స్కానర్ చేయి దించడం నేర్చుకుంది. ప్రాసెసర్ ఐడిల్‌లోకి వెళ్ళగానే కరెంటు ఆగింది, లేవగానే అన్నీ గుర్తున్నాయి. మూడు రోజుల పని. డెమో ముందు "నాకు తెలీట్లేదు, ఇంకో మూడు రోజులివ్వండి" అంటే ఎవరూ ఉరి తీసేవారు కాదు.

చిట్టాలో ఏం రాయాలా అని చాలాసేపు కూర్చుని, చివరికి "బ్యాటరీ మెరుగుపరిచాను" అని రాశాడు. మిషన్లన్నింటికీ కొత్త సాఫ్ట్‌వేర్ వెళ్ళింది. భూలక్ష్మి మిషన్ సాయంత్రం ఆరింటికి కూడా వెలుగుతూనే ఉంది. ఇక పాపం కడిగేసుకున్నట్టే అనుకుని, ఆ శుక్రవారం కడుపునిండా తిన్నాడు.

సోమవారం లిఫ్ట్ దగ్గర ఓంకార్ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"సార్, మీరు మీటింగ్ల చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కాయితం రాపిచ్చినం, గంతే. మొదట్ల నాలుగొద్దులు మొండికేసింది గని, తర్వాత ఒక్కనాడు గూడ ఐడిల్ రాలే. గిదే మనిషి, గిదే మిషిన్. అంటే ముందుగాల పండుకున్నట్టే గద? గా కాయితం తీస్తలేను సార్, కొత్తగ వచ్చెటోళ్ళకు చూపెడ్తున్న."

రహస్యంగా చేసిన రిపేరు ఆమె మీద సాక్ష్యమై కూర్చుంది. మిషన్ బాగుపడిందని ఎవరికీ తెలియదు కాబట్టి, బాగుపడింది భూలక్ష్మే అయింది.

మర్నాడు పొద్దున హరిత బొరుగుల ఉగ్గానికి తాలింపు వేస్తుంటే, వంటింటి గడప దగ్గర నిలబడి భార్యకు మొత్తం చెప్పాడు. ఆమె గరిటె ఆపకుండా విన్నది.

"ఇదంతా నాకేంటికి చెప్తాండావు? ఆ యమ్మకు చెప్పల్లా."

"చెప్పాలనే ఉంది. ఎట్లా చెప్పేది?"

"మీటింగులో ఎట్లా చెప్తివో అట్లే. అందరి ముందర."

ఆఫీసులో భార్గవికి ముందు చెప్పాడు. ఆమె తలుపు వేసి వచ్చింది. "ఇప్పుడెందుకు మధూ ఇదంతా? కాంట్రాక్టు వాళ్ళకి తెలిస్తే మన మీద నమ్మకం పోతుంది. నేను ఓంకార్‌తో మెల్లగా మాట్లాడి ఆవిడని మళ్ళీ పైకి వేయిస్తాలే. కాగితం కూడా తీయించేద్దాం. సరేనా?"

ఎంత సుఖమైన దారో చూడండి. ఆమెకు అంతస్తు దొరుకుతుంది, ఇతనికి పరువు మిగులుతుంది. ఐడిలక్క అన్న పేరు ఒక్కటే ఆమెకు ఉండిపోతుంది. మధుసూదన్ ఆ ఒక్కదాని దగ్గరే ఆగిపోయాడు.

"వద్దు భార్గవి గారూ. కాగితం తీసేస్తే దయతలిచి తీసేశారనుకుంటారు. ఆమె పడుకోలేదని చెప్పాలి. నేనే చెప్పాలి" అన్నాడు. భార్గవి ముఖం ముడుచుకుని, "నీ ఇష్టం. తర్వాత వచ్చేవాటికి నువ్వే జవాబు చెప్పుకో" అంది.

మర్నాడు ఆరు నలభైకి సెల్లార్‌కు వెళ్ళాడు. ముప్పై మంది దాకా లైన్లో ఉన్నారు. భూలక్ష్మి చివర నుంచి మూడో మనిషి. ఓంకార్ ఆశ్చర్యపోయి, "చుప్ ఉండుర్రి, సార్ ఏదో చెప్తడంట" అన్నాడు.

ఇంగ్లీషులో రోజుకు నాలుగు మీటింగుల్లో మాట్లాడే మనిషి అక్కడ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"భూలక్ష్మమ్మ డ్యూటీలో పడుకోలేదు. ఒక్కరోజు కూడా పడుకోలేదు. మిషన్‌ను పడుకోనివ్వకుండా చేసింది నేను. అందుకే బ్యాటరీ సగం రోజుకే అయిపోయేది. పోయిన వారం నేనే దాన్ని సరిచేశాను, అందుకే ఇప్పుడు ఆగట్లేదు. కాగితం రాసినందుకు కాదు. తప్పు నాది."

ఓంకార్ రిజిస్టరు మూసి, "మరి మీటింగ్ల ఆమెదే తప్పని మీరే చెప్తిరి గద సార్. అప్పుడు మీకు ఎర్క లేకుండెనా?" అన్నాడు.

ఆ అడగడంలో కోపం లేదు. సారుకు తప్పించుకునే దారి చూపించాలనే అడిగాడు. లేదు, ఎర్క లేదు అంటే అయిపోతుంది. ముప్పై మందీ నమ్ముతారు.

"తెలుసు" అన్నాడు మధుసూదన్. "ప్యాంట్రీలో ఆమె వచ్చి అడిగినరోజే తెలుసు. తెలిసే చెప్పాను."

ఓంకార్ బోర్డు దగ్గరికి వెళ్ళి, పిన్ను పీకి, కాగితాన్ని భూలక్ష్మి చేతికిచ్చాడు. "అక్కా, ఏడో అంతస్తుకు పో" అని మాత్రం అన్నాడు. లైను చెదిరింది. బకెట్ల చప్పుడు మొదలైంది.

లిఫ్ట్ దగ్గర తుడుపు సామాన్ల బండితో భూలక్ష్మి నిలబడి ఉంది. మధుసూదన్ దగ్గరికి వెళ్ళాడు. ఒంట్లోంచి బరువు దిగినట్టుంది అతనికి. ఆమె ఏదో మంచిమాట అంటుందని, తను వద్దనాలని కూడా అనుకున్నాడు.

"అమ్మా, క్షమించండి" అన్నాడు.

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మిషన్ సంచిలో వేసుకుంది.

"నేను పండుకోలేదని నాకు ముందుగాల్నుంచి ఎర్కే సార్. ఇంట్ల గూడ గదే చెప్పిన. సార్ మంచోడు, పాపం ఆయనకు ఎర్క లేదు, ఎర్కుంటె చెప్పకుంటడా అని చెప్పిన."

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. మధుసూదన్ అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"జరుగుర్రి సార్" అంది. "బండి పోవాలె."

అతను పక్కకు జరిగాడు.